ఖడ్గ తిక్కన నాటకం తెరకెక్కాలంటే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పద్యనాటకం చెవిన పడ్డవాళ్ళకి ఖడ్గ తిక్కన కథ కొత్త కాదు. 13వ శతాబ్దం మధ్యలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికి సేనాని. భారతం తెలుగు చేసిన తిక్కన సోమయాజి, ఈయన అన్నదమ్ముల బిడ్డలు. కరువుకి తట్టుకోలేక యాదవుల నాయకుడు కాటమరాజు తన మందల్ని నెల్లూరి సీమ పచ్చికకి తోలుకొచ్చాడు. పుల్లరి (మేతకి కట్టే పన్ను) కింద కోడెదూడల్ని ఇచ్చే ఒప్పందం కుదిరింది, తర్వాత చెడింది, పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర కత్తులు లేచాయి. తిక్కన ఒకసారి వెనుదిరిగి ఇల్లు చేరాడు. భార్య చానమ, తల్లి ప్రోలమ అన్న మాటలకి మళ్ళీ వెళ్ళాడు. ఆ వెళ్ళడమే ఆఖరు.

ఈ నాటకాన్ని తెరకి తేవాలనుకునేవాళ్ళు మొట్టమొదట యుద్ధం లెక్క వేస్తారు. ఎంతమంది మనుషులు, ఎన్ని గుర్రాలు, ఎన్ని రోజులు అని. ఆ లెక్క తర్వాత వేసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది, తిక్కన ఎందుకు వెనుదిరిగాడన్నది. స్టేజీ మీద ఈ ప్రశ్నే రాదు. వార్తాహరుడు వచ్చి రెండు ముక్కలు చెబుతాడు, లేదంటే తిక్కనే నీరసంగా లోపలికొస్తాడు. జనం పద్యం కోసం కాచుకుని ఉంటారు కాబట్టి మారు మాట లేకుండా ఒప్పుకుంటారు. తెర మీద అట్టా జరగదు. కంటితో చూడని ఓటమిని ప్రేక్షకుడు నమ్మడు. వెనుదిరగడం చూపించకుండా ఇంటి ఘట్టానికి వెళ్ళారంటే చానమ గయ్యాళిలా, తిక్కన పిరికివాడిలా మిగులుతారు. నాటకం ఆ ఇద్దర్నీ అట్టా తయారు చెయ్యలేదు.

కాబట్టి స్క్రిప్టులో కొత్తగా రాయాల్సిన మొదటి సీను అదే. మూడు దారులున్నాయి. భయపడి తిరిగాడని రాస్తే తర్వాత సీను పిరికివాడికి బుద్ధి చెప్పడం అవుతుంది, అంతకు మించి ఏమీ ఉండదు. రాజు సాయం పంపలేదని రాస్తే కోపమంతా మనుమసిద్ధి మీదికి పోతుంది, ఇంట్లో ఆడవాళ్ళ మాటలకి పదును తగ్గుతుంది. మిగిలిన మనుషుల్ని బతికించి, కొత్త బలం తెచ్చుకుందామని బుద్ధిపూర్వకంగా తిరిగాడని రాయడమే సరైనదని నా గట్టి నమ్మకం. అప్పుడు ఆయన చేసిందీ తప్పు కాదు, ఆ ఆడవాళ్ళు అన్నదీ అబద్ధం కాదు. రెండు న్యాయాలు ఒక్క పెరట్లో ఎదురుపడతాయి. ఈ కథ ఇన్ని వందల ఏళ్ళు నిలబడింది అందువల్లే.

ఆ సీనుకి తెర మీద 4 నిమిషాలు చాలు. పొద్దు వాలే వేళ. నిలబడగలిగినవాళ్ళు ఎందరో తిక్కన కళ్ళతోనే లెక్కపెడతాడు. ఒకడి దగ్గర నీళ్ళతిత్తి ఖాళీ, ఇంకొకడు విరిగిన బల్లేన్ని చేతికర్రగా పట్టుకుని ఉన్నాడు. డైలాగు వద్దు. కొమ్ము ఊదమని చేత్తో సైగ, అంతే. కొమ్ము ఊదేవాడు ఒక క్షణం ఆగాలి, ఆ ఆగడం జనానికి అర్థమైపోతుంది. కెమెరా తిక్కన ముఖం మీద కాకుండా ఆ కొమ్ము ఊదేవాడి ముఖం మీద ఉంటే ఇంకా బలం.

ఇక ఇంటి ఘట్టం. ఇందులో వస్తువులు మూడు: స్నానానికి కాచిన నీళ్ళు, చాటుకి నిలబెట్టిన మంచం, పసుపుముద్ద. మగవాళ్ళ స్నానానికి చాటూ అక్కర్లేదు, పసుపూ అక్కర్లేదు. ఇంట్లో ఇక ముగ్గురం ఆడవాళ్ళమే కదా అన్న ఎత్తిపొడుపు ఆ ఏర్పాటులోనే ఉంది. స్టేజీ మీద తెర లేవగానే మూడూ ఒకేసారి కనిపిస్తాయి, పద్యం వాటికి అర్థం చెబుతుంది. సినిమాలో ఏది ముందు కనపడాలో మన చేతిలో ఉంటుంది. నీళ్ళ ఆవిరి ముందు కనపడాలి, అలసినవాడికి అది ఊరట. తర్వాత మంచం, ఎందుకుందో తెలియక ఆయన దాన్ని పక్కకి జరపబోవాలి. ఆఖరికి పసుపుముద్ద. పసుపు ముందే చూపించేస్తే పద్యం వచ్చేసరికి జనానికి తెలిసిందే మళ్ళీ చెప్పినట్టుంటుంది. పసుపు మీద చూపు పడి, ఆయన తలెత్తేలోపు చానమ గొంతు వినపడాలి.

తర్వాత తల్లి వడ్డించే విరిగిన పాలు. ఇది నిజంగా కెమెరా ముందు విరగాలి, ముందే విరిగిన పాలు పోస్తే అందులో ఏమీ లేదు. లీటరు ఆవుపాలు పొంగు వచ్చేదాకా కాచి దించి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం వేస్తే నిమిషంలోపే ముక్కలూ నీరూ విడిపోతాయి. ప్యాకెట్ పాలైతే నిమ్మరసం కొంచెం ఎక్కువ పడుతుంది. ఆవుపాల విరుగుడు నీళ్ళు లేత పసుపుపచ్చగా తేటగా ఉంటాయి కాబట్టి కెమెరాకి ముక్కలు స్పష్టంగా కనపడతాయి. గేదెపాలకి ముక్క పెద్దదిగా, ముద్దగా వస్తుంది, అన్నంలో కలిసిపోయి పెరుగులా కనిపించే ప్రమాదముంది. చల్లారిన పాలు సరిగ్గా విరగవు, మసక మసకగా ఉండిపోతాయి. అందుకని పక్కనే పొయ్యి ఉండాలి, ఒక్కో టేకుకి కొత్త పాలు, కడిగిన గిన్నె. 8 టేకులు అనుకుంటే 10 లీటర్లు తెప్పించుకోండి. గిన్నె కంచుదో మట్టిదో కావాలి. అల్యూమినియం, స్టీలు రెండూ ఆ కాలానివి కావు. నిమ్మరసం రాగి, ఇత్తడి గిన్నెల్లో వేస్తే చిలుము రంగు తేలుతుంది, పైగా ఆ పాలు నటుడు నోట పెట్టుకోవాలి, కాబట్టి మట్టిపాత్రే మేలు.

దీపాల వెలుగులో తియ్యాలంటే ఒక్క సన్నని వత్తితో పని జరగదు. నువ్వులనూనెలో మూడు నాలుగు వత్తులు కలిపి లావుగా వేసిన ప్రమిదలు, వాటి వెనక కనపడకుండా ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టి రంగు 2000 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే కొలత) దగ్గరికి దించాలి. దీపపు మంట 1900 దగ్గర ఉంటుంది, ఎల్‌ఈడీని 3200 దగ్గర వదిలేస్తే ముఖం ఒక రంగు, మంట ఇంకో రంగు. లెన్స్ ఎఫ్ నంబరు 2 కన్నా తక్కువది, అంటే ఎక్కువ వెలుగు లోపలికి రానిచ్చేదైతే మంచిది. ఇక్కడ ఇంకో ముప్పుంది. వత్తి మంట గాలికి ఊగితే వెనక ఎల్‌ఈడీ ఊగదు, తేడా వెంటనే తెలుస్తుంది. ఎల్‌ఈడీకి ఫ్లికర్ సెట్టింగు ఉన్నదే తెచ్చుకోవాలి, లేదా ఎవరో ఒకరు దాని ముందు నెమ్మదిగా వేళ్ళు ఆడిస్తూ ఉండాలి.

స్టేజీ మీద ఈ ఘట్టం ఆలాపనలతో కలిపి అరగంట దాకా సాగుతుంది. తెర మీద 7 నిమిషాలకి తగ్గించొచ్చు. అంతకన్నా తగ్గించకండి. సినిమా మొత్తం ఈ 7 నిమిషాల కోసమే తీస్తున్నాం.

పద్యాల సంగతి. కందపద్యం మామూలుగా చదివితే 15 నుంచి 20 సెకన్లు, సీసం ఎత్తుగీతితో కలిపి నిమిషం. రాగం తీస్తే కందమే 2 నిమిషాలు, సీసం 4 నిమిషాలు దాటుతుంది. రెండున్నర మూడు గంటల నాటకంలో 60, 70 పద్యాలుంటే అన్నిటినీ ఉంచి రెండు గంటల సినిమా తీయలేం. అన్నీ తీసేస్తే అది ఈ నాటకమే కాదు. ప్రతి పద్యం పక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకుంటూ పోవాలి: ఇది మనిషి మనసు మారుస్తోందా, లేక ఉన్న భావాన్నే పెద్దది చేస్తోందా? మనసు మార్చేవి ఉంచాలి. చానమ పద్యం, ప్రోలమ పద్యం, తిక్కన ప్రతిజ్ఞ, పుల్లరి తిరస్కరించే చోట కాటమరాజు మాట ఈ కోవలోవి. సభలో రాజును పొగిడేవి, సేనను వర్ణించేవి, ప్రకృతి వర్ణనలు కెమెరా పని. వాటిని నిస్సంకోచంగా తీసేయండి. మధ్యలో కొన్నుంటాయి, ఆఖరి పాదం మాత్రమే పదునుగా ఉండేవి. వాటి భావాన్ని మామూలు మాటల్లో మొదలుపెట్టి, ఆఖరి పాదం దగ్గర పద్యంలోకి ఎక్కించవచ్చు. నటుడికి ఛందస్సు ఒంటబట్టి ఉంటేనే ఇది కుదురుతుంది.

ఉంచిన పద్యాన్ని రాగం లేకుండా చెప్పించాలని నా అభిప్రాయం. రాగంతో పాడేవాళ్ళ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఒంగోలు, కందుకూరు, కావలి పక్క ఊళ్ళలో తిరునాళ్ళకి తెల్లవార్లూ పాడి జనాన్ని కూర్చోబెట్టిన గొంతులవి. కానీ ఆ గొంతు మైకులు లేని కాలంలో ఆఖరి వరసదాకా చేరడానికి తయారైంది. నాలుగు శ్రుతిలో, చివరి స్వరం లాగి నిలబెట్టి వన్స్‌మోర్ కొట్టించుకునే పద్ధతి అది. మూరెడు దూరంలో కెమెరా ఉన్నప్పుడు అదే గొంతు మెడనరాలు, నుదుటి ముడతలు మాత్రమే చూపిస్తుంది. రాగం తప్పదనుకుంటే రెండు శ్రుతికి దించి, ఆలాపన తీసేసి, ముందే రికార్డు చేసుకోండి. రాగం లేకపోతే లొకేషన్లోనే లైవ్ రికార్డింగ్ చెయ్యాలి, డబ్బింగులో పద్యానికి ఊపిరి పోతుంది. చదివించేటప్పుడు పాదం విరుపు దగ్గర కాకుండా అర్థం విరిగే దగ్గర ఊపిరి తీసుకోమనాలి. స్టేజీ నటులకి ఈ ఒక్క అలవాటు మారడానికి పది రోజులైనా రిహార్సల్ కావాలి.

పద్యం కింద అర్థం అచ్చువేయడం కన్నా మంచి ఉపాయం ఇంకోటుంది. పద్యంలో కఠినమైన మాటలు రెండో మూడో ఉంటే, అవే మాటలు అంతకు ముందు సీన్లలో మామూలు సంభాషణలో ఒకసారి దొర్లించాలి. పగర అంటే శత్రువు అని ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు సీన్ల ముందు ఒక బంటు పగరవాళ్ళు ఏరు దాటారయ్యా అంటే చాలు.

భాష గురించి ఇంకో మాట. పాత నాటక ప్రతుల్లో కూడా హుకుం, సిపాయి, వసూలు, బాకీ, జవాబు, రాజీ, హద్దు, మైదానం, తయారు లాంటి మాటలు దొర్లుతుంటాయి. ఇవన్నీ పారశీ, అరబీ దారిలో తర్వాత వచ్చి తెలుగులో కలిసినవి. 13వ శతాబ్దం నెల్లూరిలో మనుమసిద్ధి నోట వసూలు అనిపించకూడదు. రాబట్టు, బంటు, మారుమాట, ఒడంబడిక, పొలిమేర, సిద్ధం, ఆన ఉండనే ఉన్నాయి. స్క్రిప్టు పూర్తయ్యాక ఒక మనిషి కేవలం ఈ పని కోసం మొత్తం చదవాలి. కాటమరాజు మనుషులకి కనిగిరి, పామూరు పక్క పలుకుబడి పెట్టొచ్చు, అందం వస్తుంది. ఆ యాసలో ఉండే ఉర్దూ మాటలు మాత్రం ఏరేయాలి.

కథకి మూలం గడ్డి. యుద్ధం గొప్పగా తీసి, మందల్ని నాలుగు షాట్లలో సరిపెడితే అసలు ఈ మనుషులు దేనికి చచ్చారో తెలియదు. స్టేజీ మీద ఒక్క ఆవు కూడా కనపడదు కాబట్టి తెర చేయగలిగిన పెద్ద మేలు ఇదే. గడ్డి రెండు రకాలుగా కనపడాలి, పచ్చగా ఒకసారి, ఎండిపోయి ఒకసారి. నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. ఒప్పందం కుదిరే సీన్లు డిసెంబరు, జనవరిలో తీస్తే పచ్చిక దానంతటదే ఉంటుంది. కరువు సీన్లు, యుద్ధం ఏప్రిల్ ఆఖరులో. రోహిణి కార్తె దాకా లాగకండి, తలపాగాలు, డాళ్ళు మోసే మనుషులు ఆ ఎండకి పడిపోతారు. వేసవిలో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 4 తర్వాత మాత్రమే షూటింగు. రెండు షెడ్యూళ్ళకి ఖర్చు పెరుగుతుందని ఒకే సీజన్‌లో తీసి, రంగు మార్చి ఎండు గడ్డి అనిపించాలని చూస్తే ఆవుల డొక్కలు నిండుగా కనపడి అసలు విషయం చెబుతాయి.

మందకి 60 నుంచి 80 పశువులుంటే ఫ్రేము నిండుతుంది. ఒంగోలు జాతి తెల్ల ఆవులు, దూడలు కావాలి. ఇప్పుడు ఊరి మందల్లో ముర్రా గేదెలు, జెర్సీ సంకరం ఎక్కువ, వాటిని వేరు చేయించాలి. నైలాన్ పలుపులు తీసి నార తాళ్ళు కట్టాలి, రంగులేసిన కొమ్ములు ఉన్నవాటిని వెనక్కి పంపాలి. అసలు చిక్కు చెవి ట్యాగుది. పశుసంవర్ధక శాఖ వేసే ఆ పసుపు ప్లాస్టిక్ బిళ్ళ తీయకూడదు, దగ్గరి షాట్లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ట్యాగు లేని చెవి వైపు నుంచి తియ్యాలి, లేదా గ్రాఫిక్స్‌లో చెరపాలి. పశువులు పరాయి మనిషి మాట వినవు కనుక, ఆ పశువుల కాపర్లకే పంచె, గొంగళి ఇచ్చి మందలో నిలబెట్టండి. నటుల కన్నా వాళ్ళే నమ్మకంగా ఉంటారు.

జంతువులతో షూటింగుకి జంతు సంక్షేమ బోర్డు ముందస్తు అనుమతి తప్పనిసరి, 2001 నాటి నియమాలు ఇవి. పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం కూడా పెట్టాలి. బోర్డు పత్రం లేకపోతే సెన్సార్ సర్టిఫికెట్ రాదు. ఆంబోతులు, ఎద్దుల ప్రదర్శన మీద 2011 కేంద్ర నోటిఫికేషన్ ఆంక్షలున్నాయి కాబట్టి, ఏ పశువు ఏం చేస్తుందో దరఖాస్తులో విడివిడిగా రాసి ముందే స్పష్టత తెచ్చుకోవాలి. యూట్యూబులో పెట్టే సినిమాకి సెన్సార్ అక్కర్లేకపోవచ్చు, జంతువుల చట్టం మాత్రం వర్తిస్తుంది. కథలో నెల్లూరి కోట వైపు కుందమాదేవి పెంచుకునే చిలుక ఉంది కదా, యాదవుల బాణానికి చచ్చి గొడవ పెద్దదవుతుంది. రామచిలుకను పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, షూటింగుకి తేవడం అసలు కుదరదు. దాన్ని గ్రాఫిక్స్‌లో చేయండి, లేదా ఖాళీ పంజరం, శబ్దంతో నడపండి. బోయలు పశువుల్ని చంపే సీను కూడా అట్టాగే, గడ్డిలో పడి ఉన్న మువ్వలపట్టెడ, ఒక్కసారిగా ఆగిపోయిన మంద చప్పుడు చాలు.

లొకేషన్ చూసేటప్పుడు చెట్లు చూడండి. ఈ రెండు జిల్లాల్లో ఎటు కెమెరా తిప్పినా సర్కారుతుమ్మ, జామాయిల్, సుబాబుల్. మూడూ బయటి దేశాల నుంచి వచ్చినవే, మనుమసిద్ధి కాలానికి వాటి జాడ లేదు. పొగాకు, మిరప, వేరుశనగ పోర్చుగీసువాళ్ళ రాక తర్వాతివి, కందుకూరు పక్క పొగాకు ఆరబెట్టే బేరన్లు సరే సరి. వేప, నల్లతుమ్మ, తాటి, రేగు, మోదుగ, బలుసుపొదలు ఉన్న చోటు వెతుక్కోవాలి. ఉదయగిరి కోట అందరికీ గుర్తొస్తుంది, అక్కడి కట్టడాలు గజపతుల, విజయనగర కాలపు మార్పులతో ఉన్నాయి, 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోటగా జనానికి తెలుసు. ఈ కథకి అది పనికిరాదు. మట్టి ప్రహరీ, తాటాకు కప్పు, పెరడు, ఒక చావడి చాలు. రాజసభకి ఏం వస్తువులు పెట్టాలో తెలియకపోతే గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం చూడండి. 1244 నాటిది, ఓడల్లో వచ్చే సరుకుల పేర్లు అందులో ఉన్నాయి: చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు.

దుస్తులకి డ్రామా డ్రస్ కంపెనీల వెల్వెట్ కోట్లు, చమ్కీ కిరీటాలు తెర మీద నిలవవు. రామప్ప గుడి శిల్పాలు, ఊళ్ళ చివర కనపడే వీరగల్లులు (పోరులో చచ్చిన వీరుల బొమ్మ చెక్కిన రాళ్ళు) చూసుకుని చేయించండి: బిగించి కట్టిన పంచె, నడికట్టు, పైన ఆచ్ఛాదన లేని ఒళ్ళు, సిగ, కొద్దిపాటి నగ. కోరా నూలుబట్టని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే వాడిన రంగు వస్తుంది.

యుద్ధానికి 40 మంది సరిపోతారు. 135 ఎంఎం లెన్స్‌తో దూరం నుంచి, ముందు వరసలో 12 డాళ్ళు, వెనక రెండు వరసలు అటూ ఇటూ జరిపి నిలబెడితే కిక్కిరిసిన దండులా కనపడుతుంది. ఇంకా పెద్దగా కావాలంటే కెమెరాని కదలకుండా బిగించి, అదే 40 మందిని పక్కపక్కన ఐదు చోట్ల నిలబెట్టి ఐదుసార్లు తీసి అతకాలి. అతుకు దగ్గర రెండు మీటర్లు ఖాళీ వదలాలి, 20 నిమిషాల్లో ఐదూ అయిపోవాలి. ఆలస్యమైతే నీడలు జరిగి అతుకు బయటపడుతుంది. దుమ్ము ఈ షాట్లలో లేపకూడదు, అతుకు మీదికి వస్తే తీయడం కష్టం. దగ్గరి షాట్లకి జల్లెడ పట్టిన ఎర్రమట్టి చాలు, గాలివాటం చూసి నటుల వెనక నుంచి చల్లాలి.

పాలేటి ఇసుకలో పరుగెత్తే షాట్లు బాగుంటాయిగానీ కత్తియుద్ధం ఇసుకలో పెట్టొద్దు. కాలు దిగబడి అడుగు లెక్క తప్పుతుంది, కత్తి అనుకున్న చోటుకి రాదు. గట్టు మీద గరపనేల ఎంచుకోండి. మొదటి వరస వాళ్ళకి మాత్రమే మొద్దు అంచు ఉక్కు కత్తులు, అంచు మందం రెండు మిల్లీమీటర్లకి తగ్గకుండా, మొన గుండ్రంగా, బరువు కిలో లోపు. రెండో వరసకి అల్యూమినియం, వెనకవాళ్ళకి ఫైబర్. అల్యూమినియం కత్తి దెబ్బ తగిలిన చోటల్లా గంటు పడి అంచు రంపంలా లేస్తుంది, చేతులు తెగేది దాంతోనే. ప్రతి టేకు తర్వాత ఒకరు ఆకురాయితో అంచులు నున్నగా చేస్తూ ఉండాలి. దెబ్బలన్నీ భుజం దిగువకి, కత్తిమొన అవతలి మనిషికి జానెడు బయట ఆగేలా, నాలుగోవంతు వేగంతో వారం రోజులు సాధన చేయించి తర్వాతే వేగం పెంచాలి. కెమెరా ఇద్దరినీ ఒకరి వెనక ఒకరుగా చూస్తే ఆ జానెడు ఖాళీ కనపడదు. కాటమరాజు మనుషులకి కత్తుల కన్నా కర్రలు ఇవ్వండి, మన పల్లెల్లో కర్రసాము తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కత్తికి కర్ర ఎదురు నిలిస్తే రెండు పక్షాల తేడా మాటల్లేకుండా తెలుస్తుంది.

నెత్తురుకి ముప్పావు లీటరు గ్లూకోజ్ సిరప్, గ్లాసు నీళ్ళు, తినే ఎరుపు రంగు, ఒక పెద్ద చెంచా కోకో పొడి. కోకో లేకపోతే కుంకుమ నీళ్ళలా ఉంటుంది. తీపికి ఈగలు ముసురుతాయి కాబట్టి షాటుకి ముందు మాత్రమే పూయాలి. ఇక శబ్దం: తోలు ఒర నుంచి దూసిన కత్తి ఖంగుమనదు, ఆ లైబ్రరీ సౌండు తీసేయండి. హార్మోనియం బదులు కొమ్ము, వీరణం అనే డోలు వాడండి, కాటమరాజు కథ పాడే కొమ్ములవారి వాద్యాలవి.

ఆ మాట వచ్చింది కాబట్టి, కాటమరాజు యాదవులకి దేవుడు. ఇది రెండో పక్షం కాదు, రెండో కథ. నాటకం నెల్లూరి కోట వైపు నుంచి రాసింది, కొమ్ములవారి పాట మంద వైపు నుంచి పాడింది. స్క్రిప్టు మొదటి ప్రతి అవగానే కనిగిరి పక్క ఆ కథ తెలిసిన పెద్దలకి చదివి వినిపించండి, డైలాగులు ఖాయం చేయకముందే. కాటమరాజు పుల్లరి ఎందుకు నిరాకరించాడో వాళ్ళు చెప్పే కారణం నాటకంలో దొరకదు, అది తెరకి కావాలి.

హక్కుల పని షూటింగు దాకా ఆపొద్దు. నాటకకర్త చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది, ఆ లోపు వారసుల దగ్గర సినిమా హక్కు విడిగా రాయించుకోవాలి. ప్రదర్శన హక్కు వేరు. నాటక సమాజాల దగ్గర ఉండే ప్రదర్శన ప్రతుల్లో వేరేవాళ్ళు రాసి చేర్చిన పద్యాలుంటాయి, అచ్చు ప్రతితో పోల్చి ఏది ఎవరిదో తేల్చుకోండి.

చివరి యుద్ధాన్ని మొదటిదానికన్నా పెద్దగా తీయాల్సిన పని లేదు. 3 నిమిషాలు చాలు. అదే గట్టు, అదే లెన్స్, అదే పొద్దువాలే వెలుగు, కొమ్ము ఊదేవాడు మళ్ళీ తిక్కన వైపు చూస్తాడు, ఈసారి సైగ రాదు. ఇది కుదరాలంటే రెండు యుద్ధాలూ ఒకే షెడ్యూల్లో, ఒకే చోట తియ్యాలి. ట్రైపాడ్ కాళ్ళ దగ్గర మేకులు దిగ్గొట్టి గుర్తు పెట్టుకోండి. వెనుదిరిగే సీనుని ముందు, చివరి పోరుని తర్వాత తీస్తే బట్టల మీద చిరుగులూ మరకలూ వరస తప్పవు, కడిగి మళ్ళీ కొత్తగా చెయ్యాల్సిన అవసరం రాదు.